నవజాత శిశుమరణములు: గడ్చిరోలి పల్లెలు నేర్పిన పాఠము

పురిటిలోనే బిడ్డ పోయినచో దానిని విధివ్రాత యనుకొని కన్నీరు తుడుచుకొనుట మన యిండ్లలో తరతరములుగా నున్నదే. ఆ మరణములలో పెక్కింటికి నివారింపదగిన కారణములు కలవని మహారాష్ట్రమునందలి గడ్చిరోలి జిల్లా నిరూపించినది. ప్రాణహితా గోదావరుల సంగమసమీపమున తెలుగువారు చిరకాలముగా నివసించు సిరొంచ ఈ జిల్లాలోనిదే. పరిశోధన జరిగిన పల్లెలు దానికి ఉత్తరమున నున్నను, ఆ పాఠము మనకును వర్తించును.

డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు స్థాపించిన ‘సెర్చ్’ సంస్థవారు 1995-96లో 39 గ్రామములలో 763 మంది శిశువులను పుట్టినది మొదలు 28 దినములవరకు ఇంటియొద్దనే గమనించిరి. వారిలో 40 మంది మరణించిరి. ఇందు 21 మంది సెప్సిస్, న్యుమోనియాల వలనను, 8 మంది పుట్టగనే ఊపిరి యందకయు, 6 గురు నెలలు నిండకపోవుట వలనను గతించిరి.

ఈ కారణముల వెనుక వేరు హేతువులు కలవు. నూటికి 42 మంది రెండున్నర కిలోలకన్న తక్కువ బరువుతో పుట్టిరి. నెలలు నిండని శిశువులు నూటికి పదిమందియే. కాని మృతులలో సగమునకు మించి వారే. అట్టి బిడ్డ శరీరము త్వరగా చల్లబడును, చన్ను కుడువలేదు, సూక్ష్మజీవుల కెదురు నిలువలేదు. ఈ గొలుసులో ఏ యొక్క కొంకిని త్రెంచినను ప్రాణము నిలువవచ్చును.

గ్రామస్త్రీలకే శిక్షణ యిచ్చి, బిడ్డను తూచుట, వెచ్చగా నుంచుట, ఊపిరి యందించుట, సూక్ష్మజీవనాశక మందుల సూదివేయుట నేర్పిరి. తత్ఫలితముగా 1993-95లో వేయింటికి 62గా నుండిన మరణములు 1997-98 నాటికి 25కు తగ్గినవి. పోల్చి చూచుటకు గైకొన్న గ్రామములలో అట్టి తగ్గుదల కానరాలేదు. భారత ప్రభుత్వము 2011లో ఆశా కార్యకర్తలచే బాలింతల యిండ్లను దర్శింపజేయు పద్ధతిని చేపట్టినది.

నేడు కాన్పులు ఎక్కువగా ఆస్పత్రులలోనే జరుగుచున్నవి. ఐనను రెండు మూడు దినములకే బిడ్డ ఇల్లు చేరును. ముర్రుపాలు పారబోయుట, పుట్టగనే నీళ్లుపోయుట, బొడ్డుపై ఏదో యొకటి పూయుట మానవలెను. బిడ్డ పాలు త్రాగకున్నను, ఏడ్పు సన్నగిల్లినను, పాదములు చల్లబడినను, డొక్క లెగురవేయుచున్నను పురుడు వెళ్లువరకు ఆగరాదు. తక్షణమే వైద్యుని కడకు గొనిపోవలెను. మైల దినములకన్న బిడ్డ ప్రాణము గొప్పది.