మానిటరు కొనేముందు కార్డు సంగతి చూడాలి

అమలాపురం: కొబ్బరి దింపు డబ్బుతో పిల్లవాడికి ఆటల మానిటరు కొనే తండ్రి, పెట్టె మీది ‘144 హెర్ట్జ్’ అంకె ఒక్కటే చూస్తే నష్టపోవచ్చు.

తెర సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగలదని ఆ అంకెకు అర్థం. బొమ్మలు పంపేది మాత్రం కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డు. దాని వేగం క్షణక్షణం మారుతుంటుంది. తెర సగం గీసేసరికి కొత్త బొమ్మ వస్తే పైసగం పాతది, కిందిసగం కొత్తదై చిరిగినట్లు కనిపిస్తుంది. సఖినేటిపల్లి రేవులో పంటు గడియారం చూసి కదిలితే సగం కుటుంబం ఒడ్డునే మిగిలినట్లన్నమాట. జనం ఎక్కాకే కదిలే పంటు వంటిది అడాప్టివ్ సింక్ పద్ధతి. ఎన్విడియా తన జి-సింక్‌ను 2013లో ప్రకటించగా, ఎ.ఎం.డి. వారి ఫ్రీసింక్ మానిటర్లు 2015లో వచ్చాయి.

కొనేవారు మూడు సంగతులు తెలుసుకోవాలి. తమ కార్డుకు ఈ పద్ధతి పనిచేస్తుందా? తెర ఎంత నుంచి ఎంత వరకు సర్దుకుంటుంది? 48 నుంచి 144 వరకైతే మేలు. ఆట 40కి పడిపోయినా ఒక్కో బొమ్మను రెండుసార్లు చూపి నెట్టుకొస్తుంది. 48 నుంచి 75 వరకే అయితే ఆ వీలుండదు. ఇక కేబులు డిస్‌ప్లేపోర్టుదైతే క్షేమం. ఇంటికి తెచ్చాక మానిటరు మెనూలోనూ, కంప్యూటరులోనూ ఈ సదుపాయాన్ని ఆన్ చేసుకోవాలి.

కార్డు 40 బొమ్మలు కూడా పంపలేనిదైతే ముందు మార్చవలసింది తెర కాదు, కార్డే.