బాతును చూసే తుపాకీ

ఇంటర్ క్లాసులో ఫోటో డయోడ్ పాఠం నడుస్తుండగా ఒకమ్మాయి లేచింది. "సార్, మా నాన్న చిన్నప్పటి వీడియో గేమ్ అటక మీద దొరికింది. మా ఎల్ఈడీ టీవీకి పెడితే మారియో చక్కగా నడుస్తోంది. బాతుల ఆటలో మాత్రం ఎంత కాల్చినా ఒక్క బాతూ పడట్లేదు. పాడైంది తుపాకీయా, టీవీయా?"

రెండూ బాగానే ఉన్నాయి. కానీ ఆ తుపాకీ పనిచేయడానికి పాత డబ్బా టీవీయే కావాలి. ఎందుకో చెప్పాలంటే, వీడియో గేముల చరిత్రలో నాకు అన్నిటికన్నా ముచ్చటైన కిటుకు గురించి చెప్పాలి.

తొంభైల్లో మన ఊళ్ళలో చాలామందికి వీడియో గేమ్ అంటే ఆ పెట్టే. నింటెండో కంపెనీ గేమ్ పెట్టె ఫామికామ్‌ను చూసి అచ్చుదించిన నకళ్ళు. పెట్టె, రెండు రిమోట్లు, '9999 ఇన్ 1' అని గొప్పలు పోయే క్యాసెట్, ఒక ప్లాస్టిక్ తుపాకీ. క్యాసెట్లో నిజంగా ఉండేవి కాసిని ఆటలే, మిగతావన్నీ వాటికే పేర్లు మార్చి పెట్టినవి. ఆ కాసిన్నిట్లో 1984 నాటి 'డక్ హంట్' తరచూ ఉండేది. గడ్డిలోంచి బాతు లేస్తుంది. మనకు మూడు గుళ్ళు. మూడూ తప్పితే కుక్క పైకొచ్చి పళ్ళికిలిస్తుంది.

ట్రిగ్గర్ నొక్కగానే తుపాకీలోంచి కంటికి కనబడని కిరణమేదో వెళ్ళి టీవీకి తగులుతుందని ఆడిన పిల్లలు చాలామంది అనుకునేవారు. నిజానికి తుపాకీలోంచి ఏమీ రాదు. గొట్టం లోపల ఒక చిన్న లెన్స్, దాని వెనక కాంతి పడితే స్పందించే డయోడ్ ఉంటాయి. అది కాల్చే తుపాకీ కాదు, చూసే తుపాకీ.

అయితే ఆ చూపు చాలా పేదది. తుపాకీ నుంచి పెట్టెకు వెళ్ళే కబుర్లు రెండే: ట్రిగ్గర్ నొక్కారా లేదా, ఎదురుగా వెలుతురు ఉందా లేదా. గురి తెర మీద ఏ మూలన ఉందో, ఎదురుగా ఉన్నది బాతో చెట్టో దానికి తెలియదు. మరి తెర మీద రెండు బాతులు ఎగురుతుంటే, మీరు కొట్టింది ఎడమదాన్నా కుడిదాన్నా అన్నది ఎలా తేలుతుంది?

ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో ఆట తెరనంతా నల్లగా మార్చేస్తుంది. మరుసటి బొమ్మలో తెర ఇంకా నల్లగానే ఉంటుంది, మొదటి బాతు ఉన్నచోట మాత్రం ఒక తెల్ల చతురస్రం వెలుగుతుంది. ఆ తర్వాతి బొమ్మలో అది ఆరిపోయి రెండో బాతు ఉన్నచోట మరో తెల్ల చతురస్రం. అంతే, ఆకాశం, గడ్డి, బాతులు మళ్ళీ యథాస్థానంలో ప్రత్యక్షం. జపాన్, అమెరికాల టీవీల్లో సెకనుకు 60 సార్లు, మన టీవీల్లో 50 సార్లు తెర మీద బొమ్మ కొత్తగా పడేది కాబట్టి ఈ తంతులో ఒక్కో అంకం 17 నుంచి 20 మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. మన కంటికి తెర ఒక్కసారి మినుక్కుమన్నట్టు ఉంటుంది, అంతే. దాన్ని పిల్లలు తుపాకీ పేలిన మెరుపనుకునేవారు.

పెట్టె చేసేదల్లా మేము క్లాసులో హాజరు పిలిచినట్టు ఒక్కో బాతునూ వరసగా పిలవడం. మొదటి చతురస్రం వెలిగినప్పుడు తుపాకీ 'వెలుతురుంది' అంటే మొదటి బాతు పడింది. రెండోది వెలిగినప్పుడు అంటే రెండోది పడింది. ఎప్పుడూ అనకపోతే ఆ గుండు వృథా. 'ఎక్కడ' అని అడిగితే జవాబు చెప్పలేని తుపాకీని 'ఎప్పుడు' అని అడిగి పని జరిపించుకోవడం! ఖరీదైన సెన్సార్ కొనడానికి బదులు ప్రశ్నను మార్చారు. ఇంజనీరింగ్‌లో ఇంతకన్నా అందమైన పొదుపు నాకు తెలియదు.

మొదటి నల్ల బొమ్మ ఎందుకు? దొంగాట పట్టుకోవడానికి. డక్ హంట్‌కు ముందు, 1972లో అమెరికాలో రాల్ఫ్ బేర్ రూపకల్పనతో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీ అనే తొలి ఇంటి గేమ్ పెట్టెకు కూడా ఇలాంటి రైఫిల్ ఉండేది. దాన్ని వెలుగుతున్న బల్బు వైపు తిప్పి కాల్చినా గురి కుదిరినట్టే లెక్క. డక్ హంట్‌తో ఆ పప్పులుడకవు. తెర నల్లబడినప్పుడు కూడా తుపాకీకి వెలుతురు కనబడిందంటే, అది చూస్తున్నది టీవీని కాదని పెట్టెకు అర్థమైపోతుంది.

నింటెండో తుపాకీలో రెండో కాపలా కూడా ఉంది. డబ్బా టీవీలో బొమ్మ మొత్తం ఒకేసారి వెలగదు. ఒక ఎలక్ట్రాన్ పుంజం పైనుంచి కిందికి, ఒక్కో గీతా లాగుతూ పోతుంది. సెకనుకు 15 వేలకు పైగా గీతలు. పుంజం తాకిన చుక్క భగ్గుమని వెంటనే మసకబారుతుంది. అందుకే తెల్ల చతురస్రం మన కంటికి నిండు తెలుపే గానీ, డయోడ్‌కు మాత్రం గీత తర్వాత గీతగా గబగబా వచ్చే మెరుపుల గుంపు. తుపాకీలోని సర్క్యూట్ సరిగ్గా ఆ వేగానికి శ్రుతి చేసి ఉంటుంది. నిలకడగా వెలిగే దీపం ఎంత ప్రకాశవంతమైనా దానికి చీకటి కిందే లెక్క.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది. ఎల్ఈడీ టీవీ వచ్చిన బొమ్మను నేరుగా చూపించదు. అంకెల్లోకి మార్చి, తన తెర కొలతకు సాగదీసి, అప్పుడు చూపిస్తుంది. ఈలోగా ఆట హాజరు పిలవడం ముగించి పుస్తకం మూసేసి ఉంటుంది. ఒకవేళ టీవీ ఆలస్యం చేయకపోయినా లాభం లేదు. ఆ తెరలో చుక్కలు మెరిసి ఆరవు, తర్వాతి బొమ్మ వచ్చేదాకా నిలిచి వెలుగుతాయి. బల్బు మోసాన్ని ఆపడానికి పెట్టిన కాపలాదారు కొత్త టీవీనీ బల్బనే అనుకుని గుమ్మంలోనే ఆపేస్తాడు.

మొదట్లో తుపాకీ ఆటలు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేవి. 1936లో సీబర్గ్ కంపెనీ తెచ్చిన 'రే-ఓ-లైట్' ఆటలో రైఫిల్ నిజంగానే కాంతిని వదిలేది, కాంతిని చూసే ట్యూబు ఉండేది లక్ష్యంలో. ఆ లక్ష్యం కూడా బాతే! 1970లో నింటెండో అమ్మిన బొమ్మ తుపాకులదీ ఇదే పద్ధతి. షార్ప్ కంపెనీ తరఫున సోలార్ సెల్స్ అమ్మడానికొచ్చిన మసయుకి ఉయెమురా, నింటెండోలో బొమ్మలు తయారుచేసే గున్‌పే యొకోయ్‌తో మాటల్లో పడ్డాడు. కరెంటు పుట్టించే ఆ పలకను కాంతి తగిలిందో లేదో చెప్పే లక్ష్యంగా వాడదామన్నది యొకోయ్ ఆలోచన. 1973లో మూతబడ్డ బౌలింగ్ హాళ్ళలో ఇదే సూత్రంతో షూటింగ్ కేంద్రాలు తెరిచారు. ఆ ఏటి చమురు సంక్షోభం వాటిని దెబ్బతీసింది. అప్పటికే నింటెండోలో చేరిన ఉయెమురా మాత్రం తర్వాత 1983 నాటి ఫామికామ్‌కు రూపకర్త అయ్యాడు. అప్పటికి వెలుతురు పని టీవీకి అప్పజెప్పే వీలు దొరికింది, కన్ను తుపాకీలోకి వచ్చింది.

ఆ తర్వాతి కథ క్లుప్తం. పుంజం ఏ క్షణాన కనబడిందో కొలిచి గురి ఎక్కడుందో లెక్కగట్టే తుపాకులు వచ్చాయి. డబ్బా టీవీలతో పాటు అవీ వెళ్ళిపోయాయి. 2006లో నింటెండో వాళ్ళ 'వీ' (Wii) అనే గేమ్ పెట్టె వచ్చింది. టీవీ దగ్గర పెట్టే కడ్డీని అందరూ 'సెన్సార్ బార్' అన్నారు గానీ, దానికి కన్నే లేదు. అందులో ఉన్నవి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, చూసే కెమెరా చేతిలోని రిమోట్‌లో ఉంది. కడ్డీ బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించినా ఆ ఆట నడుస్తుంది. నేటి వీఆర్ హెడ్‌సెట్లలో చాలావాటికీ కన్ను గదిలో కాదు, తలకు తగిలించుకున్న పెట్టెలోనే.

ఆ అమ్మాయికి ఒక పని చెప్పాను. ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి, డక్ హంట్ ఆడుతూ తెరను వీడియో తీయమన్నాను. ఎల్ఈడీ టీవీ అయినా ఫర్వాలేదు, బాతు పడకపోయినా ట్రిగ్గర్ నొక్కగానే నల్ల తెర, దాని మీద తెల్ల చతురస్రం కనబడతాయి. వాళ్ళ నాన్నకూ అది చూపించమన్నాను. చిన్నప్పుడు ఆ ఆట ఎంత ఆడి ఉన్నా, ఆ చతురస్రాన్ని ఆయన ఎన్నడూ గమనించి ఉండకపోవచ్చు.