బైక్ సర్వీస్‌కి ఇస్తున్నారా? ముందు జాబ్ కార్డ్ చదవండి

సర్వీస్ సెంటర్‌లో గొడవ వస్తే మనకు పనికొచ్చే మొదటి ఆధారం జాబ్ కార్డ్. బైక్ తీసుకునేటప్పుడు సర్వీస్ అడ్వైజర్ రాసేది ఇదే. సంతకం పెట్టేముందు పూర్తిగా చదవండి.

"సౌండ్ వస్తోంది" అంటే మెకానిక్‌కి ఏమీ అర్థం కాదు. మేం బగ్ రిపోర్ట్ రాసినట్టే, "40 స్పీడ్‌లో ముందు బ్రేక్ వేస్తే కీచుమంటోంది" అని రాయించండి. కిలోమీటర్ రీడింగ్, ఖర్చు అంచనా, డెలివరీ టైమ్, "పాత పార్టులు తిరిగి ఇవ్వాలి" అన్న మాట కూడా ఉండాలి. ఫోటో తీసి పెట్టుకోండి.

నాకు ఒకచోట మార్చని ఎయిర్ ఫిల్టర్‌కి బిల్లు వేశారు. పాతది ఇవ్వమన్నాను, లేదన్నారు. జాబ్ కార్డ్‌లో ఆ లైన్ చూపించాక మేనేజర్ మారుమాట లేకుండా కొత్తది వేయించారు.

మంచి సెంటర్ ఎలా తెలుస్తుంది? అదనపు పని చేసేముందు ఫోన్ చేస్తారు, పాత పార్ట్ అడగకుండానే చూపిస్తారు. అలాంటి చోటు దొరికితే వదలకండి.

మేనేజర్ దగ్గర పని కాకపోతే జాబ్ కార్డ్, బిల్లు జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టండి. అయినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయండి. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయాలి. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు.