నాలుగు నిమ్మకాయలు, ఒక మస్టాంగ్

ఆ ఆదివారం పొద్దున్నే గరాజ్ ముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. మూడేళ్లుగా మా అమ్మాయీ నేనూ కలిసి బాగుచేసుకున్న 1966 ఫోర్డ్ మస్టాంగ్ మొదటిసారి రోడ్డెక్కుతోంది.

పైకి పాత కారే. లోపల మాత్రం మాకు కావలసినట్టు మార్చుకున్నాం. ముందు చక్రాలకి డ్రమ్ బ్రేకులు తీసేసి డిస్క్ బ్రేకులు, నడుము బెల్టుల స్థానంలో భుజం మీదుగా వచ్చే బెల్టులు.

"అమ్మా, ముందు మన వీధిలోనే బ్రేకులు చూడు" అంది అమ్మాయి. రెండు చుట్లు తిరిగి, ఆయిల్ చుక్కలు పడ్డాయేమోనని ఇద్దరం వంగి చూశాం. ఆ తర్వాతే ఫ్రీమాంట్ నుంచి నైల్స్ కాన్యన్ దారి పట్టాం. పవర్ స్టీరింగ్ లేదు. మలుపుల్లో రుబ్బురోలు తిప్పినట్టే ఉంది!

సునోల్ దగ్గర ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు ఎగబాకింది. నా గుండె జారింది.

"హీటర్ వెయ్యమ్మా!"

మండుటెండలో హీటరా? కానీ ఇంజన్ వేడినీళ్లే హీటర్‌లోకి వస్తాయి, ఫ్యాన్ ఆ వేడిని లాగేస్తుంది. అద్దాలు దించి, చెమటలు కారుతూ నవ్వుకున్నాం. ముల్లు మెల్లగా దిగింది.

హెచ్‌4 వీసా మీద వచ్చిన కొత్తలో, మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. కూరగాయలకైనా ఆయనే తీసుకెళ్లాలి. అదంతా గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి చక్రాల నట్లు మళ్లీ బిగించాం. మీరూ పాత కారు బయటికి తీస్తుంటే, తొలిరోజు దగ్గర్లోనే తిరగండి. మంటలార్పే సిలిండర్ పక్కన ఉంచుకోండి.

అమ్మాయి ఆగస్టులో కాలేజీకి వెళ్లిపోతుంది. ఇక హీటర్ సంగతి నేనే గుర్తుపెట్టుకోవాలి.