మాసిన బట్టల మూట – ఇల్లాలి ఆరోగ్యము

వైద్యుని యొద్దకు వచ్చిన ఇల్లాలు నడుమునొప్పి చెప్పును, అరచేతుల పగుళ్లు చూపును, రాత్రి నిద్ర పట్టుట లేదనును. ఇంటిలో మూలనున్న మాసిన బట్టల మూట సంగతి మాత్రము చెప్పదు. అది రోగలక్షణమని ఆమె యెరుగదు, పైగా చెప్పుకొనుటకు సిగ్గుపడును. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల ఇండ్లకు పోయి వైద్యము చేసినవాడను గనుక ఆ మూటను నేను అనేక పర్యాయములు కంటితో చూచితిని. మంచముమీది రోగిని చూచిన తరువాత, పెరటిలోని ఆ మూటను కూడ ఒకసారి చూచుట నాకు అలవాటైనది. దానినిబట్టి ఇంటిలో సేవచేయువారి స్థితి తెలియును.

చరకసంహిత సూత్రస్థానమున మాత్రాశితీయాధ్యాయమునందు నిర్మలమైన వస్త్రములు ధరించుట ఆయుష్యమనియు, యశస్సును సంతోషమును కలిగించుననియు చెప్పబడినది. సుశ్రుతుడు కుష్ఠనిదానమున ఒకరి వస్త్రములు, పడకలు మరియొకరు వాడుటవలన చర్మరోగములు, జ్వరములు, కంటిజబ్బులు సంక్రమించునని స్పష్టముగా చెప్పినాడు. కాని ఆ నిర్మలవస్త్రమును ప్రతిదినము ఎవరు సిద్ధము చేయవలెను, చేయు మనిషి అలసిపోయిన నాడేమి కావలెను అను ప్రశ్న మన కాలమున మనము వేసికొనవలసినదే.

మా చిన్నతనమున ఈ పని ఇల్లాలి ఒక్కతెది కాదు. రజకులు ఇంటింటికి వచ్చి మూట కట్టుకొని పోయి, ఉబ్బకు వేసి, రేవున ఉతికి తెచ్చి యిచ్చెడివారు. పంట ఇంటికి రాగానే వారికి గింజల రూపమున మేర ముట్టెడిది. వారి కష్టమునకు ఆ మేర ఏనాడును చాలలేదు, వారి బిడ్డలు చదువుకొని వేరు వృత్తులకు పోవుట న్యాయమే. అయితే వారు మోసిన బరువు ఆవిరైపోలేదు; ప్రతి ఇంట ఒక్క స్త్రీ నడుముమీదికి వచ్చి చేరినది. ఇంటిలోని మగవారికి ఈ మార్పు కనబడనేలేదు.

దానికితోడు మన పడమటి మండలములకు నీటికరవు కలదు. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి మన ప్రక్కనే పారుచున్నను, విజయనగర కాలమునాటి కంభము చెరువు ఉన్నను, వేసవిలో అనేక గ్రామములకు ట్యాంకరే గతి. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ సొరంగముల నీటికొరకు ఒక తరము ఎదురుచూచుచు పెద్దదైనది. ట్యాంకరు వచ్చిన నాడే బిందెలు నింపవలెను, ఆనాడే వంట, ఆనాడే ఉతుకుడు. రెండు ట్యాంకర్ల నడుమ ఇంటిలో ఒక్కరికి జ్వరము వచ్చినచో మూట పెరుగును. చెన్నకేశవస్వామి బ్రహ్మోత్సవములకు బంధువులు వచ్చి వెళ్లిన తరువాత పక్కబట్టలతో అది గుట్టయగును.

ఇక్కడ ఒక అపోహ తొలగింపవలసియున్నది. బోరునీటిలో సబ్బు నురగ రాకుండుటకు ఫ్లోరైడు కారణమని చాలమంది అనుకొందురు. అది నిజము కాదు. నురగను చెడగొట్టునవి నీటిలోని సున్నపు, మెగ్నీషియపు లవణములు. ఫ్లోరైడు వేరు, అది త్రాగుటవలన, వండుటవలన శరీరమున చేరి పండ్లను, ఎముకలను, కీళ్లను పాడుచేయును. ఆ నీటితో బట్టలుతికినంత మాత్రమున ఫ్లోరోసిస్ రాదు. నీటిని కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. కనుక మంచినీటిని త్రాగుటకు, వంటకు దాచుకొని, బోరునీటిని ఉతుకుటకు నిశ్చింతగా వాడుకొనవచ్చును. ఆ నీటిలో సబ్బు వేయుటకు ముందు కొద్దిగా బట్టలసోడా కలిపి కొంతసేపు ఉంచినచో లవణములు అడుగున పేరుకొని సబ్బు ఖర్చు తగ్గును. అయితే సోడా నీటిలో చేతులు నాననీయరాదు. పట్టు, ఉన్ని బట్టలకు అది పనికిరాదు.

కుంకుడుకాయకు ఈ చిక్కే లేదు. దానికి మన శాస్త్రమున ఫేనిలమని పేరు, నురగనిచ్చునదని అర్థము. సబ్బువలె అది సున్నపు లవణములతో కలిసి తెట్టు కట్టదు. దోర్నాల, యర్రగొండపాలెము వైపు కొండలలో చెంచులు సేకరించు అటవీ ఫలసాయములలో ఇదియు ఒకటి. ఒక బకెట్టు బట్టలకు పదిహేను కాయలు గింజ తీసి, గోరువెచ్చని నీటిలో రాత్రియంతయు నానబెట్టి, ఉదయము పిసికి గుడ్డతో వడగట్టవలెను. పసివాని గుడ్డలకు, నూలుచీరలకు, పట్టుబట్టలకు ఇది శ్రేష్ఠము. జాడించుటకు నీరు తక్కువ పట్టును. జిడ్డుకారు దుస్తులకు మాత్రము ఇది చాలదు; తెల్లబట్టలకు కొంచెము చాయ పట్టవచ్చును. కంటిలో పడనీయరాదు.

అది బద్ధకము కాకపోవచ్చును

కంభము, గిద్దలూరు నడుమ ఒక పల్లెనుండి కొన్నేండ్ల క్రిందట ఒక అత్త తన కోడలిని తీసికొని వచ్చినది. ప్రసవమై మూడవ నెల. "సామీ, దీనికి బద్ధకం పట్టుకొనింది. పది దినాల గుడ్డలు అట్లనే పడుండాయి. మేము మా కాలంలో కన్న నెలకే చెరువుకు పోయినోళ్లమే" అని ఆమె ఫిర్యాదు. కొడుకు వాకిట నిలబడి, "మిషను గూడా తెచ్చిచ్చినాము గదా సామీ" అన్నాడు. ఆ పిల్ల ఒక్క మాటయు పలుకలేదు. క్రింది రెప్ప దించి చూచితిని, తెల్లగా నున్నది. గోళ్లు పాలిపోయి యున్నవి. నాలుగు మెట్లు ఎక్కి వచ్చిన దానికే గుండె దడదడ కొట్టుకొనుచున్నది.

"అమ్మా, ఇది బద్ధకము కాదు, పాండురోగము. రక్తము లేని మనిషి బట్టల బకెట్టు ఎట్లెత్తును?" అని చెప్పి, ముందు ప్రభుత్వాసుపత్రికి పంపి రక్తపరీక్ష చేయించితిని. అక్కడి వైద్యులు ఇనుము మాత్రలు ఇచ్చిరి. నేను ఆహారము చెప్పితిని: మునగాకు, తోటకూర, నువ్వులు, బెల్లము, ఉసిరి, భోజనము వెంటనే టీ త్రాగరాదని. లోహభస్మములు పాండురోగమున గొప్ప ఔషధములే గాని, వైద్యుని పర్యవేక్షణ లేక, బజారున దొరికినవి వాడరాదు.

అత్తకు, కొడుకుకు నేను వేరు చీటీ వ్రాసి యిచ్చితిని. నలుబది దినములు కోడలు బరువెత్తరాదు, బట్టలు పిండరాదు; ఉతుకుట, ఆరవేయుట కొడుకు పని; మడతలు అత్తవి. అత్త ఆ చీటీని చూచి, "మందు రాసిస్తారనుకొంటే పని రాసిచ్చినారే" అని నవ్వినది. కాని చేసినది. ఆమె రెండవసారి వచ్చినప్పుడు కోడలిని గురించి గాక, మిషను తడిబట్టల బరువును గురించి, కొడుకుకు చీర మడత పెట్టుట రాకపోవుటను గురించి చెప్పినది. కోడలు బిడ్డనెత్తుకొని నిలబడి నవ్వుచున్నది. ఆమె గొంతు నేను మొదట విన్నది ఆనాడే.

ఎప్పుడును పని వెనుకబడని మనిషి యింట మూట పేరుకొన్నచో, దానిని చూచి కోపపడుటకు ముందు కారణము వెదుకవలెను. రక్తహీనత కావచ్చును, అధిక రక్తస్రావము కావచ్చును, థైరాయిడ్ దోషము కావచ్చును, కీళ్లవాతము కావచ్చును. 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రమును పీడించినప్పుడు, జ్వరము తగ్గిన కొన్ని నెలలవరకు గుడ్డ పిండుటకు వ్రేళ్లు ముడుచుకొనలేని స్త్రీలు నా యొద్దకు వచ్చిరి. బాలింతలయందు మనస్సుకు పట్టు విషాదమొకటి కలదు. ఊరక ఏడ్చుట, బిడ్డపై మనసు పోకుండుట, నిద్ర లేకుండుట రెండు వారములు దాటినచో దిష్టి తీసి ఊరుకొనరాదు, వైద్యునికి చూపవలెను. చావు మాట నోట వచ్చినచో ఒక్క పూట కూడ ఆలస్యము చేయరాదు, ఆమెను ఒంటరిగా విడువరాదు. 2022 నుండి ప్రభుత్వము నడుపుచున్న టెలి మానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనను మాట్లాడవచ్చును.

మూటను తగ్గించు విధానము

సహాయము చేయవచ్చిన వారు మొదట చేయు పొరపాటు, ఒక్క దినమున అంతయు ఉతికివేయుదమని పూనుకొనుట. మూటలో అరువది బట్టలున్నవనుకొనుడు. ఒక్కనాడే ఉతికినచో మరునాడు ఇద్దరు మంచము పట్టుదురు, దండెము చాలదు, తడిబట్టలు ముక్కిపోవును. ఆనాటి బట్టలు ఆనాడే ఉతికి, మూటలోనుండి పది మాత్రము తీసినచో ఆరు దినములలో మూట ఉండదు.

ఏవి ముందు? చర్మమును అంటియుండునవి ముందు: లోదుస్తులు, తువాళ్లు, పసివాని గుడ్డలు, రోగి దుప్పట్లు. తరువాత బడిపిల్లల దుస్తులు. చీరలు, రగ్గులు, తెరలు చివర. ఇంటిలో గజ్జి యున్నచో ఉతుకుటకు వీలుపడని దుప్పట్లను సంచిలో కట్టి వారము దినములు ఎవరును ముట్టకుండ ఉంచవలెను. మనిషి చర్మము లేక ఆ పురుగు అన్ని దినములు బ్రతుకదు. తామర యున్నవారి తువాలు, లోదుస్తులు వేరుగా ఉతికి, తిరుగవేసి ఎండలో పూర్తిగా ఆరనీయవలెను. ఇటీవల తామర మొండిదైనది; ఒకే తువాలు ఇంటిల్లిపాది వాడుట దానికి చాల సహాయపడుచున్నది.

మన ప్రాంతమున ప్రత్యేకముగా చెప్పవలసినవి రెండు కలవు. పలకల పనికి పోవువారి దుస్తులను ఇంటిలో దులుపరాదు. రాతిదుమ్ము ఊపిరితిత్తులకు చేయు హాని మధ్యప్రదేశములోని మంద్‌సౌర్ పలకబలపముల కార్మికుల విషయమున లోకమునకు తెలిసినదే. ఆ దుస్తులను దులుపకయే నీటిలో ముంచి, తడిసిన పిమ్మట ఉతుకవలెను. రెండవది, ప్రత్తికి, మిరపకు పురుగుమందు కొట్టి వచ్చినవాని బట్టలు. వాటిని మూటలో కలుపరాదు. ఆనాడే, వేరు బకెట్టులో, చేతి తొడుగులతో రెండుసార్లు జాడించవలెను. ఆ నీరు పశువులు త్రాగు చోటికి పోరాదు. గర్భిణి, బాలింత ఆ బట్టలు ముట్టనే రాదు. నన్నడిగినచో మందు కొట్టినవాడే తన బట్ట తాను జాడించుకొనుట ధర్మమందును.

సహాయము చేయువారు, "అయ్యో, ఇంత పేర్చుకొన్నావే" అని మొదలుపెట్టరాదు. ఆ ఒక్క మాటతో సహాయము దండనయగును. ఏ చీర రంగు వదలును, ఏది విడిగా నానవలెను అని ఆమెనడిగి, ఒక పనిని మొదలునుండి చివరివరకు తమదిగా తీసికొనవలెను. సగము ఉతికి తడిబకెట్టు ఆమెకప్పగించి పోవువానికంటె, రానివాడే మేలు. యంత్రము తిప్పును గాని, ఏరదు, ఆరవేయదు, మడత పెట్టదు. ఎనిమిదేండ్ల పిల్లవాడు మేజోళ్లు జతపరుపగలడు. కీళ్లు బిగిసిన అవ్వ కూర్చుండి మడతలు వేయగలదు. తనకొక పని దొరికినదని సంతోషించును కూడ.

ఇరువది లీటర్ల బకెట్టు నిండుగా ఇరువది కిలోలు తూగును. సగము నింపి రెండుసార్లు మోయుట మేలు. మార్కాపురము చుట్టుప్రక్కల రాతిబండలకు కరవు లేదు గదా, నడుము ఎత్తున ఒక బండను దిమ్మెపై నిలిపినచో వంగుట, గొంతుకూర్చుండుట తప్పును. దుప్పటిని ఒక్కరు పిండరాదు. ఇద్దరు చెరొక కొస పట్టి ఎదురెదురుగా మెలివేసినచో మణికట్టుకు శ్రమ ఉండదు. రెండవసారి జాడించిన నీరు మరునాటి బట్టలు నానుటకు, తరువాత మరుగుదొడ్డికి ఉపయోగించును. ఒక రాత్రికి మించి బట్టలు నాననీయరాదు, దుర్వాసన పట్టును.

ఉతికిన వెంటనే చేతులు మంచినీట కడిగి, తుడిచి, కొబ్బరినూనెగాని నువ్వులనూనెగాని రాయవలెను. పగుళ్లకు శతధౌతఘృతము మేలు: ఆవునేతిని రాగిపళ్లెములో నీరు పోసి మర్దించి, ఆ నీరు వంచి, మరల పోసి నూరుసార్లు కడిగినచో తెల్లని వెన్నవంటి లేపనమగును. ఇది పైపూతకే గాని లోనికి తీసికొనరాదు. చీము పట్టినచో వైద్యునికి చూపవలెను. నడుమునొప్పికి రాత్రి నువ్వులనూనె మర్దించి, వావిలాకు వేసి కాచిన నీటితో కాపడము పెట్టవలెను.

మడిచిన బట్టలు దాచునప్పుడు ఎండిన వేపాకుగాని వసకొమ్ము ముక్కలుగాని మూటకట్టి నడుమ ఉంచుడు. పసివాని బట్టల నడుమ కలరా ఉండలనబడు నాఫ్తలీను గోళీలు పెట్టరాదు. కొందరు శిశువులకు పుట్టుకతో వచ్చు రక్తదోషము వలన ఆ వాసనకే రక్తకణములు విరిగి, తీవ్రమైన కామెర్లు వచ్చును. అటువంటి పెట్టెలోనుండి తీసిన పాత బొంతనైనను, చీరముక్కనైనను ఉతికి, రెండెండలు చూపి గాని బిడ్డ క్రింద పరువకుడు.