తెర వెనుక సేవలు

శ్రీశైలానికి తూర్పు ద్వారంగా ప్రసిద్ధి పొందిన త్రిపురాంతకంలో ఈనాడు ఆదాయ ధ్రువపత్రం కావాలన్నా, కుల ధ్రువపత్రం కావాలన్నా కంప్యూటరుతోనే పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మొదలైన మీ సేవ, 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయాలు ఈ పనులను పల్లె ముంగిటికి తెచ్చాయి. ఉపకారవేతనానికి దరఖాస్తు చేయవలసిన చివరి రోజున, వివరాలన్నీ నమోదైన తరువాత, ధ్రువపత్రం ముద్రణ కాకుండా నిలిచిపోయిందనుకుందాం. విద్యుత్తు ఉంది, ప్రింటరు వెలుగుతున్నది, అందులో కాగితమూ ఉంది. మరి లోపం ఎక్కడ? కంటికి కనిపించని ఒక 'సర్వీసు' మొదలుకాకపోవడం ఇటువంటి చిక్కులకు ఒక ముఖ్య కారణం.

కంప్యూటరులోని ఇతర కార్యక్రమాలన్నింటికీ ఆధారమైన మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్, లినక్స్ ఇటువంటివే. మనం తెరచి చూసే కార్యక్రమాలు కాక, తెర వెనుక నిశ్శబ్దంగా పనిచేసే కార్యక్రమాలు ఇందులో అనేకం ఉంటాయి. వీటినే సర్వీసులు అంటారు. నెట్‌వర్కుతో సంబంధం కలపడం, గడియారాన్ని సరిచూడడం, ముద్రించవలసిన పత్రాలను వరుసలో నిలపడం వీటి పనులు. యూనిక్స్ సంప్రదాయంలో వీటికి 'డీమన్లు' అని పేరు. అణువులను అలుపు లేకుండా వేరుచేసే ఒక భూతాన్ని భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహించాడు. 1960 దశకంలో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ఆ భూతాన్ని తలచుకొని ఈ పేరు పెట్టారు.

సర్వీసులు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. దీనిని గ్రహించడానికి మార్కాపురం పలకల పరిశ్రమ చక్కని ఉదాహరణ. గనిలో రాయిని తవ్వాలి, దానిని పలుచని పొరలుగా చీల్చాలి, కొలతకు కోయాలి, చివరకు చట్రం బిగించాలి. చట్రం బిగించేవాడు ఖాళీగా కూర్చున్నంత మాత్రాన దోషం అతనిదే అనలేము. గని నుండి రాయి రాకపోయి ఉండవచ్చు. అదే విధంగా మొదలుకాని సర్వీసు వేరు, చెడిపోయిన సర్వీసు వేరు కావచ్చు. విండోస్‌లో ముద్రణ పనులను చూసే 'ప్రింట్ స్పూలర్', 'ఆర్‌పిసి' అనే మరొక సర్వీసుపై ఆధారపడి ఉంటుంది. ఆ రెండవది నడవకపోతే మొదటిదాన్ని ఎన్నిసార్లు ప్రారంభించబోయినా ఫలితం ఉండదు.

ఇటువంటప్పుడు తెరపై కనిపించే దోష సందేశాన్ని చదవకుండా మూసివేయడం చాలామందికి అలవాటు. కాని అందులోని సంఖ్యే కారణానికి దారి చూపుతుంది. విండోస్‌లో 1068 అని వస్తే, ఈ సర్వీసుకు ఆధారమైన మరొక సర్వీసు మొదలుకాలేదని అర్థం. 1058 అని వస్తే, ఆ సర్వీసును ఎవరో నిలిపివేసి ఉంచారని గాని, దానికి సంబంధించిన పరికరం పనిచేయడం లేదని గాని భావించాలి. 1069 అంటే సర్వీసు ఏ ఖాతా పేరుతో నడవాలో ఆ ఖాతాకు ప్రవేశం దొరకలేదన్నమాట. సంకేతపదాన్ని మార్చి, ఆ మార్పును సర్వీసుకు తెలుపకపోయినప్పుడు ఇది సంభవిస్తుంది. 1053 అంటే నిర్ణీత కాలంలో సర్వీసు బదులు పలకలేదని అర్థం. మార్చనంతవరకు ఆ గడువు 30 సెకన్లు.

సందేశం చాలనప్పుడు చిట్టాను చూడాలి. విండోస్‌లో 'ఈవెంట్ వ్యూయర్' అనే సాధనం, ఏ క్షణంలో ఏ సర్వీసు ఎందుకు ఆగిందో వరుసగా చూపుతుంది. 2010లో వెలువడిన 'సిస్టమ్‌డి' విధానాన్ని అనుసరించే లినక్స్‌లలో 'జర్నల్‌సిటిఎల్' అనే ఆదేశం ఇదే పని చేస్తుంది. చిట్టాలో చివరి దోషంకన్నా మొదటి దోషం ముఖ్యం. తరువాతివి దాని పర్యవసానాలు కావచ్చు.

ఇక మన ధ్రువపత్రం సంగతి చూద్దాం. ముద్రణ మధ్యలో హఠాత్తుగా విద్యుత్తు పోతే, సగంలో ఆగిన పత్రం పాడై స్పూలరు సంచయంలో మిగిలిపోవచ్చు. స్పూలరు మొదలైన ప్రతిసారీ ఆ పత్రాన్నే చదవబోయి ఆగిపోతుంది. అప్పుడు స్పూలరును పూర్తిగా ఆపి, సంచయంలోని పత్రాలను తొలగించి, తిరిగి ప్రారంభించాలి. వరుసలో ఉన్న పత్రాలన్నీ పోతాయి కనుక వాటిని మళ్ళీ ముద్రణకు పంపాలి. కొత్త ప్రింటరు కొనవలసిన పని గాని, కంప్యూటరులోని సమాచారమంతా చెరిపివేయవలసిన అగత్యం గాని లేదు.

ఇటువంటి దోషమే ప్రపంచాన్ని స్తంభింపజేసిన సందర్భమూ ఉంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక దోషపూరితమైన ఫైలు వల్ల, విండోస్ కంప్యూటర్లు మొదలవుతూనే కుప్పకూలాయి. అవి దాదాపు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వవలసి వచ్చింది. దీనికి పరిష్కారం మాత్రం సరళమైనదే. అత్యవసరమైన భాగాలతో మాత్రమే కంప్యూటరును నడిపే 'సేఫ్ మోడ్'లో ప్రవేశించి, ఆ ఒక్క ఫైలును తొలగించడమే. అయితే ఎన్నో కంప్యూటర్ల వద్దకు మనిషి స్వయంగా వెళ్ళి ఆ పని చేయవలసి రావడం వల్ల రోజులు పట్టింది.

దోషాన్ని సరిచేసేవారు కొన్ని నియమాలను పాటించాలి. సందేశాన్ని ఉన్నది ఉన్నట్లు రాసుకోవాలి. క్రితం రోజు వరకు పనిచేసిన యంత్రంలో ఆ తరువాత ఏమి మారిందో విచారించాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూడాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు. పేరు అర్థం కాని సర్వీసును అనవసరమని తలచి నిలిపివేయరాదు. కార్యాలయపు కంప్యూటరైతే, స్వయంగా మార్పులు చేయక, దోష సంఖ్యను బాధ్యులకు తెలపాలి. 'కంప్యూటరు పనిచేయడం లేదు' అనే ఫిర్యాదుకన్నా '1068 వస్తున్నది' అనే మాట వారికి ఎంతో కాలాన్ని ఆదా చేస్తుంది. గడువు దగ్గర పడిన వేళ క్యూలో నిలిచిన విద్యార్థికి ఆ కాలమే విలువైనది.