సంఘపు కంప్యూటరు – అనుమతి ప్రశ్న

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో 63,000 సంఘములను కంప్యూటరీకరించుటకు కేంద్రప్రభుత్వము 2022లో పథకము నంగీకరించినది. సభ్యుల అప్పు పద్దులు యంత్రమున నిలుచునపుడు దాని కావలి యెట్టిదో మనమెరుగవలెను.

కొన్ని ప్రోగ్రాములు తెరచినంతనే తెర మసకబారి, "మార్పులు చేయ ననుమతింతురా?" యని విండోస్ అడుగును. ఈ యేర్పాటు 2007లో విస్టాతో సామాన్యులకు వచ్చినది. ఒక్కసారి "అవును" అన్నచో ఆ ప్రోగ్రామునకు యంత్రమంతటిపై అధికారము కలుగును.

విసుగుచెంది ఈ ప్రశ్నను బొత్తిగా మాన్పరాదు. భద్రాచలపు దారిలో ఒక వెదురు బండికి పర్మిట్టున్నదని అటవీ చెక్‌పోస్టు గేటునే పెరికివేయుదుమా? కావున ఒక్కొక్క ప్రోగ్రామును వేరువేరుగా విచారింపవలెను.

మొదట ప్రోగ్రాము పేరును, తయారుచేసినవారి పేరును చదువవలెను. మనము తెరవకయే ప్రశ్న వచ్చినచో "కాదు" అనవలెను.

రెండవది, నిత్యపు పనిని సామాన్య ఖాతాలో చేయవలెను. అధికారి ఖాతా పాస్‌వర్డు బాధ్యుని యొద్దనే యుండవలెను.

మూడవది, పాత లెక్కల ప్రోగ్రాము ప్రతిదినము అడుగుచున్నచో, అది తన పద్దులను రక్షిత స్థలమున వ్రాయుచుండవచ్చును. "అధికారిగా నడుపుము" అను గుర్తు పెట్టినందున ప్రశ్న పోదు, తెరచినప్పుడెల్ల వచ్చును. క్రొత్త కూర్పును తెప్పించుట మేలు. అది దొరకనిచో, తెలిసినవారిచేత ఆ పద్దుల ఫోల్డరునకు మాత్రమే వ్రాయు హక్కు నిప్పింపవలెను.

పత్రము చదివించుకొనక వేలిముద్ర వేయవలదని రైతులకు మేము చెప్పుచుందుము. "అవును" నొక్కు గుమాస్తాకును అదియే మా మనవి.